పురుడు వద్దు, పిలక వేయండి

ప్రశ్న: మాది నిజామాబాద్. మా ఇంట్లో మూడేళ్ల షిట్జు కుక్క ఉంది, పేరు మల్లి. కనుమ నాడు నాలుగు పిల్లలను పెట్టింది. ఇవాళ్టికి తొమ్మిది రోజులు. పుట్టిన మరునాడు తూచితే మూడు పిల్లలు 160, 170 గ్రాముల మధ్య ఉన్నాయి. ఒకటి మాత్రం 115 గ్రాములే. ఇప్పుడది 190కి వచ్చింది. దానికి మా అత్తయ్యగారు ఉగ్గుగిన్నెతో ఆవుపాలు పడుతున్నారు. మల్లికి పాలు పడాలని రోజూ వెల్లుల్లి వేసిన అన్నం పెడుతున్నారు. పదకొండో రోజున పురుడు చేసి, పిల్లలకు నీళ్లు పోసి సాంబ్రాణి వేస్తానంటున్నారు. పిల్లలు ఇంకా కళ్లు తెరవలేదు. ఇక మల్లి జుట్టు మొత్తం ఉండలు కట్టింది. పిల్లలను వదిలి బయటకు రాదు. మావారేమో గుండు కొట్టించేద్దామంటున్నారు, అత్తయ్యగారు దువ్వి చిక్కు తీద్దామంటున్నారు. ఎదురింటివారు నెల నిండగానే ఒక పిల్లను ఇమ్మని అడుగుతున్నారు. ఏం చేయమంటారు?

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం అందిన రాత్రే రెండు ముక్కలు రాసి పంపాను: వెల్లుల్లి ఆపండి, ఉగ్గుగిన్నె పక్కన పెట్టండి. మిగిలిన విషయాలు ఇంకా చాలా ఇళ్లకు పనికొచ్చేవి కాబట్టి ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందుగా మీ అత్తయ్యగారి మీద నాకు కోపం లేదని చెప్పాలి. పశువైద్యుడిగా పనిచేసిన ముప్పై ఏళ్లలో పిల్లలు పెట్టిన కుక్కను కసురుకునే ఇళ్లనే ఎక్కువగా చూశాను. ఆవిడ మల్లిని బాలింతగా చూస్తున్నారు. చిక్కంతా ఒక్కచోటే ఉంది. మనిషి బాలింతకు మేలు చేసేవి కొన్ని కుక్క బాలింతకు విషం.

వెల్లుల్లి అలాంటిదే. ఉల్లి, వెల్లుల్లి కుక్కల రక్తంలోని ఎర్రకణాలను చిట్లగొడతాయి. వండినా, ఎండబెట్టి పొడి కొట్టినా ఆ గుణం పోదు. తిన్న వెంటనే ఏమీ కనిపించదు. కొన్ని రోజులకు చిగుళ్లు పాలిపోతాయి, మూత్రం ముదురు గోధుమరంగులో వస్తుంది, మనిషిని చూసి లేచే కుక్క లేవదు. మల్లి తొమ్మిది రోజులుగా తింటోంది కాబట్టి రేపే డాక్టరుకు చూపించి రక్తపరీక్ష చేయించండి. పాలు పడాలన్న ఆశతో పెట్టే తీపి వంటకాల్లో ఎండుద్రాక్ష ఉంటే అదీ వద్దు, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. కారాలు, పథ్యాలు కూడా మానేయండి. పథ్యం పేరుతో తిండి తగ్గించడం అన్నిటికంటే తప్పు. నాలుగు పిల్లలకు పాలిచ్చే తల్లి మూడో వారం, నాలుగో వారం వచ్చేసరికి మామూలుగా తినేదానికి రెండు మూడు రెట్లు తినాలి. ఒక్కసారి అంత తినలేదు కాబట్టి రోజుకు నాలుగైదుసార్లు పెట్టండి. కుక్కపిల్లల కోసం అమ్మే మేత ఇప్పుడు తల్లికి కూడా మంచిది, అందులో మాంసకృత్తులు, కొవ్వు ఎక్కువ. ఇంటి తిండే పెట్టాలనుకుంటే ఎముకలు తీసిన ఉడికించిన కోడిమాంసం, గుడ్డు, అన్నం. నీళ్ల గిన్నె మల్లి పిల్లలతో పడుకునే పెట్టెకు అందేంత దూరంలో ఎప్పుడూ నిండుగా ఉండాలి.

మీరు అడగనిది ఒకటి చెప్పాలి. నన్ను అర్ధరాత్రి నిద్రలేపిన ఫోన్లలో ఎక్కువ భాగం దీని గురించే. చిన్న జాతి తల్లికుక్కలకు, ముఖ్యంగా ప్రసవమైన రెండు నుంచి నాలుగు వారాల మధ్య, పాలల్లోకి సున్నం, అంటే కాల్షియం, వెళ్లిపోయి రక్తంలో సున్నం ఒక్కసారిగా పడిపోతుంది. పాలజ్వరం అంటారు. గేదెలను పెంచిన ఇళ్లలో ఈ పేరు తెలుసు. అయితే గేదెకు ఆ జబ్బులో ఒళ్లు చల్లబడితే, కుక్కకు కాలిపోతుంది. కుదురుగా ఉండకపోవడం, వగర్చడం, పిల్లలను పట్టించుకోకపోవడం మొదట కనిపిస్తాయి. తర్వాత కాళ్లు బిగుసుకుని కర్రలా నడుస్తుంది, కండరాలు అదురుతాయి, చివరికి మూర్ఛ వస్తుంది. కాళ్లు బిగిశాయంటే తెల్లవారేదాకా ఆగకండి. పిల్లలను తల్లి నుంచి వేరుచేసి, తల్లిని ఆసుపత్రికి తీసుకెళ్లండి. నరంలోకి మెల్లగా సున్నం మందు ఎక్కిస్తే గంటలో తేరుకుంటుంది, ఎక్కించకపోతే చనిపోతుంది. అలాగని ముందుజాగ్రత్తగా మీ అంతట మీరు కాల్షియం మాత్రలు వేయకండి. చూడిగా ఉన్నప్పుడు అతిగా కాల్షియం ఇచ్చిన కుక్కలకే ఈ జబ్బు వచ్చే ముప్పు పెరుగుతుంది, ఎందుకంటే ఎముకల నుంచి సున్నం తీసుకునే అలవాటు ఒంటికి తప్పుతుంది. ఆ రాత్రి ఎవరిని పిలవాలో, ఏ ఆసుపత్రి తెరిచి ఉంటుందో ఇవాళే కనుక్కుని గోడ మీద రాసి పెట్టుకోండి. పొదుగువాపు కోసం రోజూ చనులు ఒకసారి తడిమి చూడండి. ఏదైనా గట్టిపడి, వేడిగా, ఎర్రగా ఉంటే అదీ డాక్టరు పనే.

ఇక చిన్నదాని సంగతి. లెక్క చూద్దాం. పుట్టిన మరునాడు 115 గ్రాములున్నది ఎనిమిది రోజుల్లో 75 గ్రాములు పెరిగింది. రోజుకు తొమ్మిది గ్రాముల పైచిలుకు. పుట్టిన బరువులో రోజుకు 5 నుంచి 10 శాతం పెరిగితే పిల్ల బాగున్నట్టే. అంటే ఇది బక్కదే గాని, ఆగిపోయిన పిల్ల కాదు. వారం, పది రోజులకు పుట్టిన బరువుకు రెట్టింపు కావాలన్నది మామూలు లెక్క, ఇది ఆ గీతకు కాస్త వెనుక ఉంది, అంతే. పెరిగింది తల్లిపాలతోనేనని నా అనుమానం, ఆవుపాలు మధ్యలో అడ్డం పడి ఉంటాయి. కుక్కపాలలో మాంసకృత్తులు, కొవ్వు ఆవుపాలకు రెట్టింపు ఉంటాయి. పాలచక్కెర మాత్రం ఆవుపాలలోనే ఎక్కువ, అదే విరేచనాలు తెస్తుంది. 190 గ్రాముల ప్రాణికి రెండు విరేచనాలైతే ఒంట్లో నీరు మిగలదు.

ఉగ్గుగిన్నె ఇంకా ప్రమాదం. మనం పసిబిడ్డను ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టి ఉగ్గు పోస్తాం. కుక్కపిల్లను అలా పడుకోబెట్టి పోస్తే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. రెండు రోజుల్లో న్యుమోనియా. కుక్కపిల్ల ఎప్పుడూ బోర్లా ఉండి, తల కాస్త ఎత్తి తాగాలి, తల్లి దగ్గర తాగేటప్పుడు ఎలా ఉంటుందో అలాగే.

మీరు చేయాల్సింది సులువు. వెనుక కాళ్ల దగ్గరి చనుల్లో పాలు ఎక్కువ. మిగతా మూడింటినీ ఒక పది నిమిషాలు గుడ్డ పరిచిన బుట్టలో వెచ్చగా ఉంచి, చిన్నదాన్ని ఒంటరిగా ఆ వెనుక చనుకు పట్టించండి. రోజుకు నాలుగైదుసార్లు చాలు. రోజూ ఒకే వేళకు, వంటింటి తక్కెడ మీద నాలుగింటినీ తూచి క్యాలెండరులో రాయండి. పిల్లల ఆరోగ్యం గురించి నేను చెప్పగలిగిన దానికంటే ఆ అంకెలు ఎక్కువ చెబుతాయి. ఒక రోజు పెరగకపోతే జాగ్రత్త పడండి. తగ్గితే ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లండి. పైపాలు అవసరమని ఆయన చెబితే, కుక్కపిల్లల పాలపొడి డబ్బాలు పెంపుడు జంతువుల దుకాణాల్లో దొరుకుతాయి. డబ్బా మీద రాసిన కొలత ప్రకారం కలిపి, మణికట్టు మీద చుక్క వేసి గోరువెచ్చగా ఉందో లేదో చూసి, చిన్న సీసాతో బోర్లా ఉంచి పట్టాలి. ముక్కులోంచి పాలు వస్తే ఆపేసి, అంగిట్లో చీలిక ఉందేమో చూపించండి.

చల్లబడిన పిల్లకు మాత్రం ఎవరి పాలూ పట్టకండి. ఇది ఎందుకు చెబుతున్నానంటే, నీరసంగా ఉన్న పిల్ల కనిపించగానే అందరూ చేసే పని అదే. ఒంటి వేడి పడిపోయిన పిల్లకు పేగులు పనిచేయవు, పోసిన పాలు లోపల పులిసిపోతాయి. ముందు దాన్ని మీ రవికలోనో, చొక్కాలోనో ఒంటికి ఆనించి పెట్టుకుని గంట, గంటన్నర మెల్లగా వెచ్చబరచాలి. వేడినీళ్లలో ముంచడం, మంట దగ్గర పెట్టడం లాంటి తొందర పనులు చంపేస్తాయి. వెచ్చబడ్డాక అదే మూతి ఆడిస్తుంది, అప్పుడు పాలు.

అసలు మొదటి రెండు వారాలు కుక్కపిల్లకు తన ఒంటి వేడిని తాను నిలుపుకునే శక్తి ఉండదు. చలికి మనకు పుట్టే వణుకు కూడా దానికి మొదటి రోజుల్లో పుట్టదు. మొదటి వారం అది పడుకునే చోటు 30 డిగ్రీల దగ్గర ఉండాలి, రెండో వారం 27, 28 చాలు. జనవరి రాత్రుల్లో మీ నిజామాబాద్‌లో 10, 12 డిగ్రీలకు దిగుతుంది. కాబట్టి అట్టపెట్టెలో మందపాటి గుడ్డ పరిచి, ఒక మూల మాత్రమే పాతకాలపు వేడి బల్బు వెలిగేలా ఎత్తులో కట్టండి. ఒక మూలే ఎందుకంటే, ఉక్కపోస్తే పాకుతూ రెండో మూలకు పోవాలి కదా. థర్మామీటరు లేకపోయినా పిల్లలే చెబుతాయి. ఒకదాని మీద ఒకటి ఎక్కి ముద్దగా ఉండి కీచుమంటుంటే చలి. దూరదూరంగా పడి వగరుస్తుంటే వేడి. పక్కపక్కన ఆనుకుని నిద్రపోతుంటే సరిపోయింది. నిద్రలో కాళ్లు ఎగరేస్తుంటే భయపడకండి, ఆ వయసులో అది ఆరోగ్యమే. అదరకుండా కట్టెలా పడుకునే పిల్లను చూస్తేనే నాకు దిగులు. కుంపటి మాత్రం ఆ గదిలోకి తేకండి, తలుపులు మూసిన గదిలో బొగ్గుల పొగకు మనుషులే పోయిన సందర్భాలున్నాయి.

ఇప్పుడు పదకొండో రోజు పురుడు. మీ అత్తయ్యగారికి నా మాటగా చెప్పండి: స్నానం మల్లి రోజూ చేయిస్తూనే ఉంది. ఆ నాకుడులోనే శుభ్రం ఉంది, మూత్రం, దొడ్డి వచ్చేలా పొట్ట కింద మర్దనా ఉంది, ఎందుకంటే మూడు వారాలదాకా ఆ పిల్లలు తమంత తాము ఆ పనులు చేసుకోలేవు. నీళ్లు పోస్తే పైన చెప్పిన చలి కథ మొదలవుతుంది. పైగా తల్లి వాసన పోతుంది. సాంబ్రాణి పొగ గోరంత ఊపిరితిత్తులకు బరువు. చీమలు, పురుగులు రాకుండా పెట్టె చుట్టూ కలరా ఉండలు పెట్టే అలవాటు కొన్ని ఇళ్లలో ఉంది, అవీ విషమే.

ముచ్చట తీరాలంటే కుక్కల పంచాంగం వేరే ఉంది. కళ్లు పదో రోజు నుంచి పద్నాలుగో రోజు లోపల తెరుచుకుంటాయి. రెప్పలు మనం విడదీయకూడదు. మూసిన రెప్ప కింద వాపు, చీము కనిపిస్తే తప్ప కంగారు లేదు. ఆ తర్వాత నాలుగైదు రోజులకు చెవులు వినిపిస్తాయి, ఆ రోజు వంటింట్లో గిన్నె పడితే నాలుగూ ఉలిక్కిపడతాయి, చూసి తీరాలి. ఇరవై ఒకటో రోజుకు తప్పటడుగులు. బారసాల అప్పుడు చేసుకోండి, పిలిస్తే తల తిప్పుతాయి కూడా. నాలుగో వారంలో అన్నప్రాసన: కుక్కపిల్లల మేతను వేడినీళ్లలో నానబెట్టి జావలా మెదిపి, చల్లారాక వెడల్పాటి పళ్లెంలో. మొదటిసారి సగం కాళ్లకు, సగం చెవులకు పూసుకుంటాయి. మధ్యలో పద్నాలుగో రోజున నులిపురుగుల మందు, ఆ తర్వాత రెండు వారాలకోసారి, తల్లికి కూడా. పురుగులు తల్లి కడుపులో ఉండగానే పిల్లలకు వచ్చేస్తాయి, అందుకే ఎంత శుభ్రంగా ఉంచినా ఇది తప్పదు. మోతాదు డాక్టరు బరువు చూసి చెబుతారు. ఇంట్లో చిన్నపిల్లలుంటే కుక్కపిల్లలను ముట్టుకున్నాక చేతులు కడిగించండి. వారానికోసారి పిల్లల గోళ్ల కొనలు కత్తిరించండి, పాలు తాగుతూ తల్లి పొట్టను గీరేస్తాయి.

మల్లి జుట్టు దగ్గరికి వద్దాం. ఇక్కడ నేను అత్తయ్యగారి పక్షం.

ముందు తొందరగా చేయాల్సింది ఒకటి. చనుల చుట్టూ, తొడల లోపల, తోక కింద ఉన్న పొడుగు వెంట్రుకలను ఇవాళే పొట్టిగా కత్తిరించండి. అసలు ఇది కాన్పుకు ముందే చేయాల్సిన పని. పొడుగు వెంట్రుక పోగు పిల్ల కాలికో మెడకో చుట్టుకుని బిగిసిన సంఘటనలు నేను చూశాను. ఒక ఇంట్లో పిల్ల పాదం నీలమయ్యాక గాని గమనించలేదు. మొన మొద్దుగా ఉన్న కత్తెర వాడండి, మల్లి పెట్టెలో పడుకుని పాలిస్తున్నప్పుడు కాకుండా బయటికి వచ్చినప్పుడు చేయండి.

మిగిలిన ఒంటి మీద ఉండలకు స్నానం చేయిస్తే పోతాయని చాలామంది అనుకుంటారు. తడిస్తే ఉండ ఇంకా బిగుస్తుంది, ఆరాక ఉన్ని దుప్పటి ముక్కలా తయారవుతుంది. దువ్విన తర్వాతే నీళ్లు, ఎప్పుడూ. ఎలా దువ్వాలో పొడుగు జడలు వేసిన చేతులకు నేను నేర్పనక్కర్లేదు. కుదురు దగ్గర జుట్టును వేళ్లతో గట్టిగా పట్టుకుంటే చర్మం లాగదు. కొన నుంచి మొదలుపెట్టి, కొద్దికొద్దిగా పైకి వెళ్లాలి. ఆడపిల్ల తల చిక్కు తీసినట్టే. పైపైన దువ్వి అయిపోయిందనుకోవడం షిట్జు ఇళ్లలో మామూలుగా జరిగే పొరపాటు. పైన పట్టులా కనిపిస్తుంది, కింద చర్మం దగ్గర జడ కట్టి ఉంటుంది. అందుకే పాయలు పాయలుగా విడదీసి, చర్మం కనిపించేలా ఒక్కో పాయ దువ్వాలి. చివర్లో స్టీలు దువ్వెన కుదురు నుంచి కొసదాకా ఆగకుండా జారితేనే ఆ పాయ పూర్తయినట్టు. ఉండలు ముందుగా కట్టేది చెవుల వెనుక, చంకల్లో, తొడల సందుల్లో, పట్టీ కింద, వేళ్ల మధ్య. మొండి ఉండ మీద కాస్త మొక్కజొన్న పిండి చల్లి వేళ్లతో విడదీసి చూడండి. కొబ్బరినూనె రాసి వదిలేయకండి, దుమ్ము పట్టి రెండు రోజుల్లో ఇంకో ఉండ అవుతుంది.

విడిపోని ఉండను కత్తెరతో కత్తిరించేటప్పుడు చాలా జాగ్రత్త. ఉండను పైకి లాగితే దాని వెంట చర్మం గుడారంలా లేస్తుంది, కత్తెర దాన్నే తెగ్గోస్తుంది. ఇంట్లో జుట్టు కత్తిరించి నా దగ్గరికి కుట్లకు వచ్చిన కుక్కలన్నీ ఇలా వచ్చినవే. ఉండకు, చర్మానికి మధ్య దువ్వెన దూర్చి, దువ్వెన పైవైపే కత్తిరించాలి. దువ్వెన దూరకపోతే దాన్ని వదిలేయండి, ట్రిమ్మరు ఉన్నవారిని ఇంటికి పిలవండి. ఒక్కరోజులో అంతా చేయాలన్న పట్టుదల వద్దు. పది నిమిషాలు, రోజుకు ఒక చెవి లేదా ఒక కాలు. మల్లి లేచి పిల్లల దగ్గరికి పోతే ఆ రోజుకు దుకాణం కట్టేసినట్టే.

మీవారి గుండు ప్రతిపాదన సగం ఒప్పు. షిట్జు జుట్టు మన తలవెంట్రుకల్లా పెరుగుతూనే ఉంటుంది కాబట్టి, ఒక అంగుళం ఉంచి పొట్టిగా కత్తిరించడంలో తప్పు లేదు, పాలిచ్చే తల్లికి అదే సుఖం కూడా. చర్మం కనిపించేలా బ్లేడు పెట్టడం మాత్రం వద్దు, ఈ చలిలో అసలే వద్దు. ఈ మాట పొమేరియన్ ఉన్నవారు తమకు అన్వయించుకోకండి. దానికి లోపల మెత్తటి బొచ్చు దట్టంగా వేరే పొర ఉంటుంది. గుండు కొడితే కొన్నిటికి నెలల తరబడి సరిగా మొలవదు, వచ్చినా అతుకులు అతుకులుగా వస్తుంది. ఎండాకాలం రాగానే పొమేరియన్‌కు గుండు కొట్టించి, జూన్‌లో నా దగ్గర కూర్చున్నవారు బోలెడుమంది.

మల్లికి స్నానం పిల్లలకు నెల నిండేదాకా ఆపండి. అప్పటిదాకా గోరువెచ్చని నీళ్లలో పిండిన గుడ్డతో వెనుకభాగం, పొట్ట తుడిస్తే చాలు. తర్వాత కూడా మూడు వారాలకోసారి మించి అక్కర్లేదు. మనుషుల షాంపూ, కుంకుడురసం వద్దు. మన చర్మం కంటే కుక్క చర్మానికి పులుపుగుణం తక్కువ, మన సబ్బులు దాన్ని ఎండగొడతాయి. కుంకుడురసం కంట్లో పడితే మనకెలా ఉంటుందో తెలుసు కదా, షిట్జు కళ్లు గుడ్లు ముందుకు పొడుచుకొచ్చినవి, మనకంటే తొందరగా పుండు పడతాయి. తుడిచాక కుదుళ్లదాకా ఆరబెట్టడం స్నానం కంటే ముఖ్యం. పైన ఆరి లోపల తడిగా మిగిలిన జుట్టే వానాకాలంలో దురద, పుండ్లు తెస్తుంది.

ఇంకొకటి ముందే చెబుతున్నాను. ప్రసవమైన రెండు మూడు నెలలకు మల్లి జుట్టు గుప్పెళ్లకొద్దీ రాలుతుంది. జబ్బు కాదు. బాలింతలకు జుట్టు ఊడినట్టే, మళ్లీ వస్తుంది. ఈలోగా పేలో, గోమార్లో కనిపిస్తే కిరోసిన్ పూయడం, ఏదో మందు చల్లడం చేయకండి. తల్లి ఒంటి మీద పూసినదంతా పిల్లల నోట్లోకే వెళుతుంది. మీ ఇంట్లో పాత ఈరిబాన ఉంటే దాంతో దువ్వి, పట్టిన వాటిని సబ్బునీళ్లలో వేయండి. మందు ఏది వాడాలో డాక్టరును అడగండి.

ఇక పిలక. షిట్జు ముక్కు మీది వెంట్రుకలు కిందికి వాలకుండా చుట్టూ పైకి విచ్చుకుంటాయి, చామంతి పువ్వులా. ఆ జాతిని చామంతి మొహం కుక్క అని అందుకే అంటారు. చూడటానికి అందమే గాని, అవే కళ్లలో గుచ్చుకుంటాయి. నుదుటి మీది జుట్టునంతా కూడదీసి, మెత్తటి చిన్న రబ్బరు బ్యాండుతో వదులుగా పిలక వేయండి. కనురెప్పలు పైకి లాగినట్టు కనిపిస్తే బిగించేశారని అర్థం. రోజూ విప్పి దువ్వి మళ్లీ కట్టాలి, లేకపోతే పిలకే ఉండ అవుతుంది. కళ్ల మూలల్లో ఎర్రటి చారలను తడి దూదితో తుడిస్తే చాలు. ఒక కన్ను మూసుకుని ఉంటే, లేదా నల్లగుడ్డు మీద పొర కనిపిస్తే ఆ రోజే చూపించాలి, మర్నాటికి వాయిదా వేయకూడదు.

ఎదురింటివారికి నెలకు ఇవ్వొద్దు. డబ్బు తీసుకుని ఇచ్చేటట్లయితే ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదని 2017 నాటి కేంద్ర ప్రభుత్వ నియమాలే చెబుతున్నాయి. ఊరికే ఇచ్చినా నా మాట అదే. నాలుగో వారం నుంచి ఎనిమిదో వారం దాకా తోబుట్టువులతో కొట్లాడుతూనే పిల్ల ఎంత గట్టిగా కొరికితే ఎదుటిది ఏడుస్తుందో నేర్చుకుంటుంది. నెలకే విడదీసిన పిల్లకు ఆ పాఠం మీ ఎదురింటి పిల్లల చేతుల మీద జరుగుతుంది. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదటి టీకా వేయించి, మార్చి రెండో వారం దాటాక పంపండి. తర్వాతి టీకాలు నాలుగు నెలల వయసుదాకా ఉంటాయి, మూడు నెలలకు రేబిస్ టీకా. ఆ కార్డు పిల్లతో పాటే ఇవ్వండి.

పంపేటప్పుడు మల్లి పడుకున్న గుడ్డలో ఒక ముక్క, ఒక స్టీలు దువ్వెన కూడా ఇవ్వండి. ఐదో వారం నుంచే రోజూ ఒక నిమిషం మెత్తటి బ్రష్షుతో దువ్వుతూ, పాదాలు, చెవులు ముట్టుకుంటూ ఉంటే పిల్ల దువ్వెన చూసి పారిపోదు. ఏడాది దగ్గరపడుతుండగా పసిబొచ్చు పోయి పెద్దజుట్టు వచ్చేటప్పుడు రాత్రికి రాత్రే ఉండలు కడతాయి. అప్పుడు ఎదురింటివారు మీ అత్తయ్యగారి కోసమే వస్తారు.